తడిపాకే తవ్వడం

ఒంగోలు దగ్గర పల్లెలో పుట్టి, పొగాకు చేల మధ్య పెరిగినదాన్ని. మట్టి వల్ల జబ్బు చేస్తుందంటే నవ్వేదాన్నే. ఆరిజోనాలో ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో ఇల్లు కొన్నాక, 2022 అక్టోబరులో పెరట్లో పాదులు తీద్దామని గునపం పట్టాను. అడుగు లోతైనా దిగకుండానే ఠంగుమంది. సున్నం గట్టిపడి రాయిలా పరుచుకున్న పొర అది, ఇక్కడ కలీచీ అంటారు. రెండు శనివారాలు దాంతో కుస్తీ పట్టాను. జుట్టంతా దుమ్ము, ముక్కు నిండా దుమ్ము. మాస్కు ఆలోచనే రాలేదు.

రెండు వారాలకు పొడిదగ్గు, జ్వరం మొదలయ్యాయి. రాత్రిళ్లు నైటీ పిండితే నీళ్లు కారేంత చెమట. ఎక్స్‌రే చూసి న్యుమోనియా అన్నారు. యాంటీబయాటిక్స్ రెండు కోర్సులు మింగినా తగ్గలేదు. పైగా మోకాళ్లు పట్టేశాయి, కాళ్ల మీద ముట్టుకుంటే నొప్పెట్టే ఎర్రటి గడ్డలు లేచాయి. చివరికి ఆఫీసులో ఒకామె, ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి, "వ్యాలీ ఫీవర్ టెస్ట్ చేశారా?" అని అడిగింది. రక్తపరీక్షలో అదేనని తేలింది.

ఈ జబ్బు తెచ్చే కాక్సిడియాయిడిస్ అనే ఫంగస్ ఈ ఎడారి మట్టిలో ఉంటుంది. ఎండిన నేలను కదిలిస్తే దాని బీజాలు గాల్లోకి లేచి, ఊపిరితోపాటు లోపలికి పోతాయి. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. ఫంగస్ కాబట్టి యాంటీబయాటిక్స్‌కి లొంగదు. చాలామందికి మందుల్లేకుండానే తగ్గిపోతుందట. నాకు మాత్రం ఫ్లుకోనజోల్ అనే ఫంగస్ మందు రోజుకు 400 మిల్లీగ్రాముల చొప్పున 6 నెలలు రాశారు. పెదాలు పగిలిపోయాయి, దువ్వెన నిండా జుట్టే. వాటన్నిటికంటే నీరసం ఘోరం. అన్నం కలుపుకొని, తినే ఓపిక లేక కంచం ముందే కూర్చుండిపోయేదాన్ని.

"దున్నేవాళ్లందరికీ రావాలి కదే మరి!" అంది అమ్మ ఫోన్లో. ఆ మట్టి వేరు, ఈ మట్టి వేరని ఎంత చెప్పినా నమ్మలేదు.

మే నెలలో మందు ఆపేశారు. ఈసారి మా ఆయన చెక్క పెట్టెలు బిగించి, కొన్న మట్టితో నింపారు. తొలకరి అలవాటు పోక అప్పుడు టమాటా నారు నాటాను. ఇక్కడ ఫిబ్రవరి ఆఖర్లో, మార్చిలో నాటాలని పక్కింటి పెద్దాయన అప్పటికి చెప్పలేదు, నేనూ అడగలేదు. పూత పూసినట్టే పూసి రాలిపోయింది. జూన్ 30 నుంచి వరుసగా 31 రోజులు పగటి ఎండ 43 డిగ్రీలకు తగ్గలేదు. పైపులో నిలిచిన నీళ్లు చేయి కాల్చేవి, అవి పోయేదాకా పక్కన వదిలి అప్పుడు మొక్కలకు పట్టేదాన్ని. ఆ ఎండకు గ్రీన్‌నెట్ నీడలో గోంగూర, బెండ మాత్రం నిలబడ్డాయి.

ఇప్పుడు నేల ఎక్కడ కదపాలన్నా ముందురోజే తడుపుతాను, ఎన్-95 మాస్కు పెట్టుకుంటాను. దుమ్ము తుఫాను వస్తోందని ఫోన్ మోగితే తలుపులన్నీ బిగించేస్తాం. మొన్న వీడియో కాల్‌లో అమ్మకు గోంగూర మడి చూపించాను.

"ఆకు బాగుంది గానీ, పచ్చడికి ఆకు కోయడానికి ఆ ముక్కుగుడ్డేంటే?" అంది.