కాలువలు కట్టేసిన ఊరు, కాలువలు వదిలిన ఊరు

మా చిన్నతనంలో వేసవి సెలవులంటే విజయవాడే. హైదరాబాదులో పరీక్షలు ముగియగానే అమ్మ మమ్మల్ని కృష్ణలంకలోని తాతయ్యగారింట దింపి, నాలుగు రోజులు ఉండి తిరిగి వెళ్ళిపోయేది. ఎండలకు పేరుమోసిన ఊరికి మండు వేసవిలోనే పిల్లలను పంపడంలో ఉన్న విడ్డూరం అప్పట్లో పెద్దవాళ్ళకూ తోచలేదు, మాకూ తోచలేదు. పగలంతా తడిపిన వట్టివేళ్ళ తడికల చాటున గడిపి, పొద్దు వాలగానే తాతయ్య వెంట ప్రకాశం బ్యారేజీకి బయలుదేరేవాళ్ళం. ఒకవైపు నిండుగా నీళ్ళు, మరొకవైపు కనుచూపు మేర ఇసుక. ఆ ఇసుకలో ఆడుకోవడం, గట్టు మీద తాటిముంజలు కొనిపించుకోవడం, చీకటి పడ్డాక దుర్గమ్మ కొండ మీద దీపాలు చూస్తూ ఇంటికి చేరడం, ఇవే మా సెలవులు.

ఊరి మధ్యలో పారే కాలువలు మాత్రం నా జ్ఞాపకాలలో ఎప్పుడూ ఎండిపోయే ఉన్నాయి. డెల్టాలో దాళ్వా పంట చేతికి వచ్చాక, వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. సార్వా నాట్ల కోసం జూన్ ప్రాంతంలో మళ్ళీ వదులుతారు. సరిగ్గా అప్పటికి మా బడులు తెరిచేవారు. అందువల్ల కాలువ అంటే అడుగున నల్లటి బురద, అందులో కూరుకుపోయిన సైకిల్ టైర్లు, ముక్కు మూసుకుని దాటవలసిన వంతెన అనే అభిప్రాయంతోనే నేను పెద్దదాన్నయ్యాను.

గత శ్రావణంలో మావారితో కలిసి వెళ్ళినప్పుడు చూసిన ఊరు వేరు. ఆయనది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. వేరుశనగ వేసి ఆకాశం వైపు చూసే కుటుంబం. బస్టాండు నుంచి ఆటోలో వస్తూ బందరు కాలువ పక్కకు రాగానే ఆయన మాట ఆపి బయటికి వంగి చూడటం మొదలుపెట్టారు. ఒడ్డులు ఒరుసుకుంటూ, ఎర్రమట్టి రంగులో, గుర్రపుడెక్కను తోసుకుంటూ నీరు పరుగెడుతోంది. "ఈ నీళ్ళన్నీ యాడికి పోతాయి?" అని అడిగారు. బందరు వైపు అన్నాను. "బందరులో ఎవురికి?" అన్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. ఆటో అతనే పూనుకుని, ఆయకట్టు శివార్లలో తన బావమరిదికి ఉన్న రెండెకరాల గురించి, వంతు రాక వాళ్ళు పడే అవస్థ గురించి ఇల్లు చేరేదాకా చెప్పుకొచ్చాడు.

మరునాటి ఉదయం మావయ్య మమ్మల్ని బ్యారేజీకి తీసుకువెళ్ళాడు. భారీ వాహనాలను దాని మీదికి ఎప్పుడో ఆపేశారు కనుక నడవడానికి హాయిగానే ఉంటుంది. పొడవు సుమారు 1223 మీటర్లు, గేట్లు 70. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట దాదాపు వందేళ్ళు పనిచేసి 1952లో తెగిపోతే, దాని స్థానంలో 1954లో మొదలుపెట్టి 1957 నాటికి దీన్ని కట్టారు. ఈ సంగతులు తాతయ్య చెప్పే ఉంటారు. నా చెవి ముంజలమ్మే ఆమె గంప మీద ఉండి ఉంటుంది.

కొన్ని గేట్లు కొద్దిగా ఎత్తి ఉన్నాయి. పైనుంచి చూస్తే ఎగువ నీరు కదలనట్టే ఉంటుంది. గేటు అంచు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అద్దంలా నున్నగా వంగి, కిందికి జారి, ఒక్కసారిగా తెల్లగా విరుగుతుంది. ఆ విరిగే చోట కొంగలు బారులు తీరి నిలబడి, సుడిలో తేలిన చేపపిల్లలను ముక్కున కరుచుకుపోతున్నాయి. మావారు మాత్రం కొంగలను వదిలి, గేట్లకు పైన వేలాడే కాంక్రీటు దిమ్మెలను చూస్తూ నిలబడిపోయారు. గేటు బరువుకు సరితూగే ఈ కౌంటర్ వెయిట్లు ఉండటం వల్లనే అంతంత ఇనుప తలుపులు తక్కువ బలంతో పైకి లేస్తాయి. 2024 సెప్టెంబరులో సుమారు 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు, కొట్టుకొచ్చిన పడవలు ఢీకొని దెబ్బతిన్నవి ఈ దిమ్మెలే. ఆ వరద నుంచి కృష్ణలంకను కాపాడింది కొత్తగా కట్టిన రిటైనింగ్ వాల్ అని మావయ్య చెప్పాడు. ఆ గోడ లేని రోజుల్లో నది పొంగినప్పుడల్లా సామాను అటక మీదికి ఎక్కించుకున్న ఇల్లు మాది. అదే వారంలో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్ళు మునిగిపోయాయి కాబట్టి, ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో సంతోషం వినబడలేదు.

ఎడమవైపు వదిలిన నీరు ఊరిలోనే ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువగా చీలుతుంది. కుడివైపు సీతానగరం దగ్గర బయలుదేరిన నీరు తెనాలి, బాపట్ల వైపు సాగుతుంది. మొత్తం మీద 12 లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు. బ్యారేజీ దగ్గర నిలవ ఉండేది మాత్రం మూడు టీఎంసీలే, అంటే ఇది దాచుకునే చోటు కాదు, పంచిపెట్టే చోటు. మేము ఆడుకోవడానికి వెళ్ళినది పంపకాలు ఆగిన రోజుల్లో.

సాయంత్రం ఉండవల్లి గుహలకు వెళ్ళాం. చిన్నప్పుడు అనంతపద్మనాభస్వామి విగ్రహం ఎంత పొడవుందో అడుగులు వేసి కొలిచేవాళ్ళం. ఇప్పుడు ఆ చీకటి గది అంత పెద్దదిగా అనిపించలేదు. పై అంతస్తు వసారాలోంచి కనిపించే పచ్చటి పొలాల వైపే మేమిద్దరం ఎక్కువసేపు చూశాం. గాంధీ కొండ, భవానీ ద్వీపం ఈసారికి వదిలేశాం. ఎక్కడికైనా వెళ్దామంటే మావారు మళ్ళీ కాలువలకు నీరు వదిలే లాకుల దగ్గరికే పోదామంటున్నారు.

రాత్రి భోజనాల దగ్గర అసలు చర్చ మొదలైంది. పట్టిసీమ ఎత్తిపోతల నుంచి 2015 మొదలుకొని గోదావరి నీరు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తోందని, డెల్టాకు ఆ నీరు అందితే ఆ మేరకు శ్రీశైలంలో కృష్ణ నీరు రాయలసీమకు మిగులుతుందని మావయ్య వివరించాడు. శ్రీశైలం వెనుక జలాల నుంచి హంద్రీ-నీవా ద్వారా ఎత్తిపోసిన నీరే మావారి జిల్లాలోని జీడిపల్లి జలాశయానికి చేరుతుంది. మావారు ఊరుకోలేదు. "మాకు మిగిలితే ఇస్తారు, మీకు వంతు ప్రకారం ఇస్తారు, అంతే కదా మావయ్యా?" అన్నారు. "వంతు కాగితం మీద ఉంటుంది అల్లుడూ, మా శివారు రైతు ఆకుమడి ఎండబెట్టుకున్న ఏళ్ళు నీకు చెబితే తెల్లారిపోతుంది" అన్నాడు మావయ్య. నిజానికి ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. నాకు మాత్రం మావారి లెక్కే బలంగా తోచింది. ఆ మాట పుట్టింటివాళ్ళ ముందు అనలేక గోంగూర పచ్చడి వడ్డిస్తూ ఉండిపోయాను.

తిరుగు ప్రయాణంలో వచ్చే వేసవి గురించి మాట వచ్చింది. కాలువలు కట్టేసినప్పుడు ఇక్కడ చూడటానికి ఏముంటుందని ఆయన వాదన. షట్టర్లకు మరమ్మతులు చేసేది, పూడిక తీసేది అప్పుడేనని నేను చెప్పాను. చివరికి ముందు జీడిపల్లికి, ఆ తరువాతే బెజవాడకు అని ఒప్పందం కుదిరింది.