నా లెక్కల హ్యారీ పాటర్ హీరో నెవిల్

హ్యారీ పాటర్ ఫ్యాన్స్‌ల ఒక్కొక్కరికి ఒక్కొక్క ఫేవరెట్ ఉంటరు, హెర్మయొని అనేటోళ్లు ఉన్నరు, స్నేప్ అని కన్నీళ్లు పెట్టుకునేటోళ్లు ఇంకా ఎక్కువున్నరు (వీళ్లల్ల సగం మంది సినిమానే జూసిన్రు, బుక్కు పట్టలేదు, అడిగితే కోపమొస్తది). నాకు మాత్రం హ్యారీ క్లాస్‌మేట్ నెవిల్ లాంగ్‌బాటమ్. ఈ మాటంటే నవ్వుతరు. అందుకే ఇదంత రాస్తున్న.

నేను చదివింది నవోదయల, మా నల్గొండ జిల్లాది చలకుర్తిల ఉంటది, పెద్దవూర మండలం, సాగర్ దగ్గర. ఐదో తరగతిల ఎంట్రన్స్ రాసి, లిస్టుల పేరొస్తే ట్రంకు పెట్టె మోస్కొని పోయి ఆరోల చేరుడు. హ్యారీకి హాగ్వర్ట్స్ అనే మంత్రాల బడి నుంచి లెటర్ వచ్చేది 11 ఏండ్లకు, మాకూ ఇంచుమించు అదే వయసు. ఇగ హౌస్‌లు జూడండ్రి, అక్కడ నాలుగు, ఇక్కడ నాలుగు. ఆరావళి నీలం, నీలగిరి ఆకుపచ్చ, శివాలిక్ ఎరుపు, ఉదయగిరి పసుపు. రేవెన్‌క్లా, స్లిదరిన్, గ్రిఫిండార్, హఫిల్‌పఫ్, రంగులు గూడ సరిగ్గ అవే! నవోదయలు మొదలైంది 1985-86ల, ఫస్ట్ బుక్కు వచ్చింది 1997ల, ఎవల్ని జూసి ఎవలు రాసిన్రో మీరే అనుకోండ్రి.

నాకు ముందుగాల దొరికింది మూడో పార్టు. తొమ్మిదిల మైగ్రేషన్ మీద (ఒక రాష్ట్రం నవోదయ పిల్లల్ని ఇంకో రాష్ట్రం నవోదయకు పంపుడు) హిందీ రాష్ట్రం నుంచి వచ్చిన దోస్తు పట్టుకొచ్చిండు, అట్ట లేకుండె. స్టడీ అవర్ల చదువుతుంటే ఎంఓడీ (ఆ రోజు డ్యూటీల ఉన్న మాస్టర్) సార్ జూసి, ఇంగ్లిష్ బుక్కే గదా అని ఏమనకుండ పోయిండు.

అండ్ల నెవిల్‌కు పాస్‌వర్డ్‌లు యాదికుండవు, కాయితం మీద రాసి పెట్టుకుంటడు, ఆ కాయితం పోతది, అది పట్టుకొనే జైలు నుంచి తప్పించుకున్న సిరియస్ బ్లాక్ లోపటికి వస్తడు. ఇగ నెవిల్‌కు ఎవ్వరూ పాస్‌వర్డ్ చెప్పొద్దని ఆర్డర్. రోజు రాత్రి డార్మిటరీ బయట నిలబడి ఎవరన్న లోపటికి తీస్కపోతరేమో అని చూసుడే. వాళ్ల నానమ్మ తిట్ల లెటర్ పంపిస్తది, అది అందరికి ఇనపడేటట్టు ఒర్రుతది. హాస్టల్‌ల ఉన్నోళ్లకు ఇది మాయలు మంత్రాల కథ లెక్క అనిపియ్యదు, ప్రతి బ్యాచ్‌ల ఇసొంటోడు ఒకడుంటడు, వాని పేరు చెప్పి అందరు నవ్వుతరు.

అసలు సంగతి ఐదో పార్టుల ఉంది. క్రిస్మస్ టైంల హ్యారీ వాళ్లు దోస్తు రాన్ నాయినను చూడనీకె దవాఖానకు పోతరు, అక్కడ ఒక వార్డుల నెవిల్ కనపడతడు, నానమ్మతోని. వాళ్ల అమ్మ నాయిన ఇద్దరు అండ్లనే ఉన్నరు, విలన్ వోల్డెమార్ట్ మనిషి బెలాట్రిక్స్ వాళ్లు పెట్టిన హింసకు మతి పోయింది, కొడుకును గూడ గుర్తు పట్టరు. అమ్మ మెల్లగ వచ్చి వాని చేతిల బబుల్ గమ్ రేపర్ ఒకటి పెడుతది. నానమ్మ అంటది, అది పారేయ్, ఇచ్చినయి ఇచ్చినయి గోడంత అతికియ్యొచ్చు అని. వాడు సరే అన్నట్టే ఉంటడు గానీ పోయేటప్పుడు దాన్ని జేబుల పెట్టుకుంటడు. హ్యారీ ఒక్కడు చూస్తడు. అంతే సీను, ఏడుపు లేదు, పెద్ద డైలాగ్ లేదు, ఎంత మంచిగ రాసిందో రౌలింగ్. సినిమాల ఇది తీసేసిన్రు, ఫోటో చూపిచ్చి రెండు ముక్కలు చెప్పిచ్చి అయిందనిపిచ్చిన్రు.

ఇంకోటి ఎవరూ పట్టించుకోరు. మంత్రదండమే మనిషిని ఎంచుకుంటదని ఫస్ట్ పార్టుల్నే చెప్తరు గదా, మరి నెవిల్ ఐదో పార్టు దాక వాడింది వాళ్ల నాయిన దండం! తనది గాని దానితోని ఇన్నేండ్లు నెట్టుకొచ్చిండు, క్లాసుల వెనకబడ్డడంటే ఆశ్చర్యమేముంది. మాయల మినిస్ట్రీల కొట్లాటల అది ఇరిగిపోతది, తర్వాత చెర్రీ కట్టెది కొత్తది కొంటరు, ఇగ ఏడో పార్టు కొచ్చేసరికి హ్యారీ వాళ్లు ముగ్గురు స్కూల్‌ల లేని టైంల లోపటుండి కొట్లాడింది ఎవరు, వోల్డెమార్ట్ పాము నాగిని తల నరికింది ఎవరు?

జోస్యం గూడ అంతే. వోల్డెమార్ట్‌ను ఓడగొట్టేటోడు జులై చివర్ల పుడుతడని ఉంటది, నెవిల్ 30న, హ్యారీ 31న. ఇద్దర్ల ఎవరైనా కావొచ్చు, వోల్డెమార్ట్ హ్యారీ ఇంటికి పోయిండు కాబట్టి హ్యారీ అయిండు. నొసటి రాత అంటరు జూడు, ఇక్కడ నిజంగనే నొసటి మీద గీసిండు.

మా అక్క కొడుకు ఇప్పుడు రెండో పార్టుల ఉన్నడు, "నెవిల్ ఉత్త వేస్ట్ మామా" అంటున్నడు. ఐదో దాక రారా, అప్పుడు మాట్లాడుదం అన్న. హెచ్‌బీఓ వాళ్లు కొత్తగ సిరీస్ తీస్తున్నరు, పుస్తకం ఉన్నది ఉన్నట్టు తీస్తమంటున్నరు గదా, దవాఖాన సీన్ కట్ చెయ్యకుంటే చాలు, మిగిలింది ఎట్లన్న తీసుకోని.