'ఆంధ్రా స్టైల్' బోర్డు కింద ఒక ఏడాది

బెంగళూరులో ఏ పేటకు వెళ్ళినా, పెద్ద కన్నడ అక్షరాల కింద కాస్త చిన్న అక్షరాలతో 'ఆంధ్రా స్టైల్' అని రాసిన బార్ అండ్ రెస్టారెంట్ బోర్డు ఒకటి కనబడకుండా పోదు. హిందూపురంలో పుట్టి, పద్దెనిమిదేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్న నాకు ఆ రెండు మాటలు చాలాకాలం చిరాకు తెప్పించేవి. ఆంధ్ర అంటే ఏ ఆంధ్ర? నెల్లూరా, గుంటూరా, మా రాయలసీమా? ఆ సంగతేదో తేల్చుకుందామని పోయిన ఏడాది ఉగాది తరువాత ఒక పని పెట్టుకున్నాను. పదిహేను రోజులకొకసారి, శనాదివారాలు కాకుండా మామూలు పనిదినం సాయంత్రం, ఒక్కో పేటలో అటువంటి హోటలుకు వెళ్ళి కూర్చోవడం, ప్రతిచోటా ఒక బీరు, ఒక చిల్లీ చికెన్, చివర్లో అన్నం, పప్పు చెప్పడం, ఇంటికి వచ్చాక నోటుబుక్కులో రాసుకోవడం, అంతే. ఏడాది తిరిగేసరికి ఇరవై మూడు చోట్లు అయ్యాయి.

తాగి బండి నడపకూడదు కనుక మెట్రోకు దగ్గరగా ఉన్న పేటలనే ఎక్కువగా ఎంచుకున్నాను. 2023 అక్టోబరులో బైయప్పనహళ్ళికీ కె.ఆర్.పురానికీ మధ్య మిగిలిపోయిన చిన్న ముక్క కలిసిన తరువాత పర్పుల్ లైను వైట్‌ఫీల్డు నుంచి చల్లఘట్ట దాకా ఏకధాటిగా నడుస్తోంది కాబట్టి, ఒక సాయంత్రం మహదేవపురలో, మరొక సాయంత్రం విజయనగరలో భోజనం చేసి పదకొండు లోపల ఇల్లు చేరడం కష్టమేమీ కాలేదు. చర్చి స్ట్రీటు, ఇందిరానగర పబ్బుల జోలికి నేను పోలేదు. వాటి గురించి రాసేవాళ్ళు కావలసినంత మంది ఉన్నారు, పైగా అక్కడి సంగీతపు హోరులో పక్కవాడి మాటే వినబడదు, ఇక పప్పు రుచి తెలిసేదెలా?

బోర్డు సంగతి కొంచెం చెప్పాలి. ఈ ఊరి మందు దుకాణాల బోర్డుల మీద లైసెన్సు రకాన్ని తెలిపే 'సీఎల్' అన్న అక్షరాలు, వాటి పక్కన ఒక అంకె ఉంటాయి. సీఎల్-2 అంటే సీసా కొనుక్కొని వెళ్ళే దుకాణం. ముద్రించిన ధరకే దొరుకుతుంది గాని అక్కడ నిలబడి తాగడానికి చట్టం ఒప్పదు. సీఎల్-9 అంటే కూర్చొని తాగడానికి, తినడానికి అనుమతి ఉన్న బార్. సీఎల్-7 లాడ్జి ఉన్న హోటలుకు ఇచ్చేది. నేను వెళ్ళినవి దాదాపు అన్నీ సీఎల్-9 చోట్లే. కింద బార్, మేడమీద ఫ్యామిలీ సెక్షన్, రెండింటికీ కలిపి ఒకటే వంటగది. బార్ ఎంత చీకటిగా ఉన్నా వంట బాగుంటే మేడమీద పిల్లలతో వచ్చిన సంసారులు కనబడతారు. మేడ ఖాళీగా ఉందంటే కింద కూర్చోవడం కూడా దండగని ఏడెనిమిది చోట్లు తిరిగేసరికే అర్థమైంది.

మా ఊరి వాళ్ళకు బార్ అన్న మాటకూ కన్నడ అక్షరాలకూ ఉన్న బంధం పాతదే. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో దాన్ని ఎత్తివేసే దాకా హిందూపురంలో మందు అలవాటున్న మగవాళ్ళకు సాయంత్రం సరిహద్దు అవతల కర్ణాటకలోని గౌరీబిదనూరు బస్సే దిక్కు. మా చిన్నమామ ఆ బస్సులో వెళ్ళి రాత్రి తిరిగి వచ్చేటప్పుడు కాగితంలో చుట్టిన ఎర్రటి చికెన్ కబాబు తెచ్చేవాడు. అత్త తిడుతూనే దాన్ని పిల్లలమైన మాకు పంచిపెట్టేది. కర్ణాటక బార్ వంటతో నా పరిచయం ఆ నూనె కాగితంతో మొదలైంది.

ఇక అసలు సంగతి చిల్లీ చికెన్. చైనా హోటలు వంటకంలా సోయా సాసుతో నల్లగా, క్యాప్సికం ముక్కలతో ఉంటుందేమోనని ఈ ఊరికి కొత్తగా వచ్చిన తెలుగువాడు అనుకుంటాడు. పళ్ళెంలో వచ్చేది పచ్చగా ఉంటుంది. కె.ఆర్.పురం మార్కెట్టు వెనుక సందులో ఒక చిన్న బార్‌లో వంటగదికి తలుపు లేదు. నేను కూర్చున్న బల్ల నుంచి మాస్టరు చేతులు తిన్నగా కనబడేవి. అల్లం వెల్లుల్లి, ఉప్పు పట్టించి ముందే వేయించి పెట్టుకున్న ఎముకలేని ముక్కలను ఒక పక్కన ఉంచి, బాణలిలో నూనె కాగాక గుప్పెడు కరివేపాకు వేశాడు. అది చిటపటలాడి అణగకముందే నిలువునా చీల్చిన పచ్చిమిరపకాయలు, వాటి వెంటనే కచ్చాపచ్చాగా నూరిన పచ్చిమిర్చి ముద్ద వేశాడు. ఘాటుకు నలుగురం ఒకేసారి దగ్గాం. ఆయన మాత్రం దగ్గలేదు. ముక్కలు వేసి రెండు మూడుసార్లు ఎగరేసి, కాస్త పెరుగు చిలకరించి, అది ఇగిరిపోయేదాకా మంట తగ్గించలేదు. దించాక నిమ్మకాయ పిండాడు. మొత్తం ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. కారం నాలుక మీద కాకుండా చెవుల దగ్గర తెలిసింది.

ఆ కూరను మా అమ్మ ఎన్నడూ చేయలేదు. మా పెద్దమ్మ చేయలేదు, హిందూపురంలో నా చిన్నప్పటి ఏ హోటల్లోనూ చూడలేదు. మా ఇళ్ళలో కోడికూర అంటే ఎండుమిరప, ధనియాలు, ఎండుకొబ్బరి నూరి పెట్టిన పులుసు. మాస్టరును ఏ ఊరని అడిగితే కర్ణాటకలోని ముళబాగిలు అన్నాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదివింది కన్నడ, వంట నేర్చింది శివాజీనగరలో. పుట్టినప్పటి నుంచి ఒక్కసారి కూడా ఆంధ్రలో పనిచేయని మనిషి వండిన ఆంధ్రా స్టైల్ కూర అది! అప్పటిదాకా నేను ప్రతి హోటలునూ మా ఇంటి వంటతో పోల్చి మార్కులు వేస్తున్నాను. పోలికే తప్పని ఆ రాత్రి తోచింది. రెసిడెన్సీ రోడ్డు నాగార్జున అయినా, ఊరంతా శాఖలున్న నందిని అయినా, పేటల్లో వాళ్ళ వెనుక వచ్చిన వందలాది చిన్న హోటళ్ళయినా, అరటాకు వేసి పొడి, నెయ్యి, పప్పు, గోంగూర పచ్చడి వడ్డించే పద్ధతిని మన దగ్గర నుంచి తీసుకొని, వేపుళ్ళను మాత్రం ఈ ఊరి బార్ బల్లలకు సరిపోయేట్టు తామే తయారు చేసుకున్నట్టున్నాయి. అది బెంగళూరు వంట. బెంగళూరు వంటగానే దాన్ని తూచాలి.

తూచడానికి నాకు దొరికిన రాయి పప్పు. చిల్లీ చికెన్‌లో లోపమేదైనా ఉంటే పచ్చిమిర్చి కప్పేస్తుంది, కూరలో లోపాన్ని మసాలా కప్పేస్తుంది. పప్పుకు ఆ చాటు లేదు. పొద్దున ఉడికించిన కందిపప్పు రాత్రి ఎనిమిదింటికి గడ్డకట్టి ఉంటుంది. దాన్ని మంచి హోటల్లో వేడినీళ్ళతో మెదిపి, కొత్తగా తాలింపు పెట్టి తెస్తారు, చెడ్డ హోటల్లో కొళాయి నీళ్ళు కలిపి తెస్తారు. సప్లయరు స్టీలు బక్కెట్టు మూత తీసినప్పుడు ఆవిరి వస్తోందా లేదా అన్నది చూస్తే చాలు, తినకముందే సగం తెలిసిపోతుంది. ఇరవై మూడింట్లో ఆవిరి వచ్చినవి తొమ్మిది. విజయనగర వైపు ఒక చోట పప్పులో బెల్లం తగిలింది. మొదట ముఖం చిట్లించాను గాని, పక్క బల్ల మీది కన్నడ కుటుంబం దాన్నే రెండోసారి అడిగి వేయించుకుంటుంటే, పప్పులో కాలేసింది నేనేనని ఊరుకున్నాను.

మారతహళ్ళి వైపు పేరు చెప్పనవసరం లేని ఒక హోటల్లో జరిగింది మాత్రం ఊరుకోదగినది కాదు. బిల్లులో నేను చెప్పని వేరుశనగ మసాలా ఉంది, నీళ్ళ సీసా రెండుసార్లు ఉంది. అడిగితే క్యాషియరు తల ఎత్తకుండా పెన్నుతో ఒక గీత గీసి, మిగతా మొత్తాన్ని కలపకుండానే తోచిన అంకె ఒకటి వేశాడు. నేను కలిపి చూపించాక ఇంకో గీత గీశాడు. ఆ పూట చిల్లీ చికెన్ నిజానికి బాగానే ఉంది, అయినా మళ్ళీ ఆ మెట్లు ఎక్కను.

మంచింగ్ విషయంలో బెంగళూరు బార్‌కు సాటి లేదని ఒప్పుకోవాలి. పొట్టు తీసి బద్దలుగా చీల్చి, పసుపు, కారం, ఇంగువ, కరివేపాకు పట్టించిన వేరుశనగపప్పును ఇక్కడ 'కాంగ్రెస్ కడలేకాయి' అంటారు. 1969 జూలైలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ (ఏఐసీసీ) సమావేశం లాల్‌బాగ్ గాజింట్లో జరిగింది. ఆ ఏడాదే పార్టీ రెండు ముక్కలైంది కనుక రెండు బద్దలైన పప్పుకు ఆ పేరు వచ్చిందని చెప్పుకుంటారు. కథ నిజమైనా కాకపోయినా పప్పు మాత్రం కరకరలాడుతుంది.

విచిత్రమేమంటే, నా చిన్ననాటి భోజనం నాకు దొరికింది ఆంధ్రా స్టైల్ బోర్డు కింద కాదు, మిలిటరీ హోటల్లో. మిలిటరీ హోటలు అంటే ఈ పాత మైసూరు సీమలో మాంసాహారపు హోటలు అని అర్థం. మందు ఉండదు, మధ్యాహ్నం దాటితే చాలాచోట్ల గిన్నెలు ఖాళీ. జయనగరలోని శివాజీ మిలిటరీ హోటల్లో దొన్నె బిర్యానీ కోసం వరుసలో నిలబడిన జనాన్ని చూడవచ్చు. చిన్న గింజల జీరగసాంబ బియ్యం, పుదీనా కొత్తిమీరల పచ్చదనం, ఆకు దొన్నె వాసన, హైదరాబాదు బిర్యానీతో దీనికి పేరులో తప్ప చుట్టరికం లేదు. నా దృష్టి మాత్రం వేరే మిలిటరీ హోటల్లో పక్క మనిషి ముందున్న రాగి ముద్ద మీద పడింది. వేడి ముద్దను వేళ్ళతో తుంచి, నాటుకోడి సారులో, అంటే పలుచటి పులుసులో, ముంచి, నమలకుండా మింగుతున్నాడు. మా ఇంట్లో సంగటి అని పిలుచుకున్నది అదే. నేను కూడా ఒకటి చెప్పించుకొని తిన్నాను. ఇరవై మూడు బార్లలో ఒక్కటి కూడా సంగటి పెట్టలేదు.

సంక్రాంతికి అమ్మ వచ్చినప్పుడు కె.ఆర్.పురం బార్‌కే తీసుకువెళ్ళాను, మేడమీదకు. మెట్లెక్కుతూ కింద హాలు వైపు చూసి 'ఇక్కడికా తెచ్చావు' అంది గాని వెనక్కి తిరగలేదు. సప్లయరు ఒడిశా కుర్రవాడు. వచ్చీరాని తెలుగులో 'పొడి వేస్తానమ్మా, నెయ్యి ఎక్కువ వేస్తాను' అంటూ ఆకు మీద వడ్డిస్తుంటే ఆమెకు ముచ్చటేసింది. చిల్లీ చికెన్ ఒక ముక్క నోట్లో పెట్టుకొని, కళ్ళు తుడుచుకొని, 'ఇదెక్కడి కూరరా' అని నన్ను అడిగింది. మన ఆంధ్రదేనట అన్నాను. నమ్మలేదు. ముక్కలన్నీ నా వైపు జరిపేసి పప్పు మాత్రం మారు వేయించుకుంది, చారులో చింతపండు చాలలేదని మెట్రో స్టేషను దాకా అంటూనే ఉంది.