పదో మనిషి కోసం ఆగే మందిరం

నరసాపురం, పాలకొల్లు, రాజోలు వైపు నుంచి వృద్ధుల సంరక్షణ పనికి ఇజ్రాయెల్ వెళ్లి వచ్చినవారిని మన ఊళ్లలో అందరూ అడిగేవి ముఖ్యంగా రెండే ప్రశ్నలు. జీతం ఎంత ఇచ్చేవారన్నది మొదటిది, యెరూషలేము చూశావా అన్నది రెండోది. రెండింటికీ జవాబు చెప్పి చెప్పి విసుగు పుట్టింది గాని, నేను చెప్పాలనుకునే సంగతి వేరే ఉంది. అది అక్కడి శనివారం గురించి, ఆ శనివారాన్ని నిలబెట్టే సమాజమందిరం, అంటే యూదుల ప్రార్థనాలయం గురించి. బైబిలు చదివే ఇంట పుట్టినదాన్ని కాబట్టి సమాజమందిరం అన్న మాట చిన్ననాటి నుంచీ వింటూనే ఉన్నాను. అయితే అది నేటికీ వారం వారం నిండే చోటని, రాని మనిషి ఎందుకు రాలేదో ఆ పూటే ఆరా తీసే చోటని అక్కడ పని చేశాకే తెలిసింది.

నేను చూసుకున్న పెద్దావిడ బెనె ఇజ్రాయెల్ అనే భారతీయ యూదు సమాజానికి చెందినవారు. కొంకణ తీరంలో పుట్టి, పెళ్లయ్యాక భర్తతో సముద్రతీరాన ఉన్న అష్డోద్ పట్టణానికి చేరుకున్నారు. మరాఠీ ఆమె ఇంటిభాష. కువైత్‌లో పని చేసినప్పుడు నేను నేర్చిన హిందీతో మా ఇద్దరికీ మాటలు సాగేవి. ఆమె నన్ను బేటీ అనేవారు, నేను మన అలవాటు చొప్పున మామ్మగారూ అనేదాన్ని. తమ పూర్వీకుల ఓడ అలీబాగ్ దగ్గర నవ్‌గావ్ తీరాన పగిలిపోయిందని, ఏడుగురు మగవారు, ఏడుగురు ఆడవారు మాత్రమే ఒడ్డుకు చేరారని, వారి సంతతే తామని ఆ సమాజంలో తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ పల్లెల్లో వారి వృత్తి నూనె తీయడం. శనివారం గానుగ కట్టరు గనుక చుట్టుపక్కలవారు వారిని శనివార్ తేలీలని పిలిచేవారు. గ్రంథాలు పోయి, హీబ్రూ మరచిపోయి, ‘ఓ ఇశ్రాయేలూ వినుము’ అన్న ప్రార్థన తప్ప మరేమీ మిగలని రోజుల్లో కూడా ఈ గానుగ ఆపడం ఒక్కటీ మిగిలిందంటే, వారికి శనివారం ఎంత గట్టి పట్టో ఊహించుకోవచ్చు. ముంబైలో వారి మొదటి మందిరం 1796లో వెలిసింది. అంత చరిత్ర ఉన్నవారిని కూడా ఇజ్రాయెల్‌లో మొదట వివాహాల విషయంలో అక్కడి మతాధికారులు అనుమానించారు. బెనె ఇజ్రాయెల్‌వారు నిరసనలకు దిగాక, 1964లో ఆ దేశపు పార్లమెంటు వారు అన్ని విధాలా యూదులేనని ప్రకటించవలసి వచ్చింది. ఈ ప్రస్తావన వస్తే చాలు, మామ్మగారి గొంతులో వేడి పుట్టేది.

యూదుల విశ్రాంతి దినమైన షబ్బాత్ శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలై శనివారం రాత్రి చుక్కలు కనిపించేదాకా ఉంటుంది. కాని పని చేసేవారికి అది శుక్రవారం తెల్లవారుజామునే మొదలవుతుంది. పొయ్యి వెలిగించడం, దీపం వేయడం, రాయడం, డబ్బు ముట్టడం, ఫోను ఎత్తడం, బండి నడపడం వంటివన్నీ మానవలసినవే. వారి ధర్మశాస్త్ర పండితులు నిషిద్ధమైన పనులను 39 మూలవర్గాలుగా విభజించారు. అందువల్ల వంటంతా ముందే కావాలి. కూరలు సన్నని సెగ మీద వేడిగా ఉండేందుకు ఒక పలుచని కరెంటు పలక, టీకి నీళ్లు కాగి ఉండేందుకు ఒక పెద్ద పాత్ర, దీపాలు వాటంతట అవే ఆరి వెలిగేందుకు ఒక గడియారపు మీట ఆ ఇళ్లలో తప్పనిసరిగా ఉంటాయి. ఫ్రిజ్ తలుపు తీస్తే బల్బు వెలుగుతుంది గనుక దాన్ని కూడా శుక్రవారమే వదులు చేసేదాన్ని. మాంసాన్ని పాలతో కలపకూడదన్న నియమం ఉన్నందున వారి కోడికూర కొబ్బరిపాలతో వండుతారు. ఆ ఒక్క వంటలో మాత్రం మామ్మగారు నాకేమీ నేర్పవలసిన పని లేకపోయింది. కోనసీమ పక్కన పుట్టినవాళ్లకు కొబ్బరిపాలు తీయడం ఒకరు చెప్పాలా! సూర్యాస్తమయానికి సుమారు 18 నిమిషాల ముందు ఆమె దీపాలు వెలిగించి, అరచేతులతో కళ్లు మూసుకొని ప్రార్థించేవారు. ఆ తరువాత, ఆపద వస్తే తప్ప, ఏ మీటా నొక్కేవారు కారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు షబ్బాత్ నియమాలన్నీ పక్కకు తప్పుకుంటాయన్నది వారి ధర్మంలో మారులేని మాట. వృద్ధుల ఇంట పని చేసే నాకు అది తెలిసి ఉండడం ఎంతో అవసరమైంది.

ఈ నిషేధాల పట్టిక చూసి మొదట్లో ఇదంతా బంధిఖానాలా ఉందనుకున్నాను. కొంతకాలం గడిచాక వాటిలో ఒకటి తక్కినవాటికంటె పెద్ద పని చేస్తోందని గమనించాను. బండి ఎక్కకూడదు గనుక మందిరానికి నడిచి వెళ్లాలి. నడిచి వెళ్లాలి గనుక ఇల్లు మందిరానికి దగ్గరలోనే ఉండాలి. అందరి ఇళ్లూ ఆ ఒక్క మందిరం చుట్టూ ఉన్నప్పుడు, కలిసి ప్రార్థించేవారే ఇరుగుపొరుగు అవుతారు. ఇల్లు కొనేటప్పుడు గదుల కంటే ముందు మందిరం ఎంత దూరమో చూసుకునేవారు అక్కడ ఎందరో ఉన్నారు. బహిరంగ ప్రదేశంలో వస్తువులు మోయడం కూడా నిషిద్ధమే కాబట్టి, పట్టణం చుట్టూ స్తంభాలు పాతి తీగ లాగి, ఆ లోపలంతా ఒకే వాకిలిగా భావించే ఏర్పాటు ఒకటి ఉంది. దాన్ని ఎరూవ్ అంటారు. తీగ ఎక్కడా తెగలేదని ప్రతి షబ్బాత్‌కు ముందు చూసి వచ్చేవారు ఉంటారు. ఆ తీగ లోపల పసిపిల్లల బండ్లు, చక్రాల కుర్చీలు నిశ్చింతగా కదులుతాయి. మామ్మగారి కుర్చీ నెట్టుకుంటూ వెళ్తుంటే దారి పొడుగునా పలకరింపులే ఉండేవి. ఆ రోజు ఎవరికీ తొందర ఉండదు, ఎవరి చేతిలోనూ ఫోను ఉండదు.

ప్రార్థనకు కనీసం పదిమంది పెద్దమగవారు ఉండాలి. ఆ గుంపును మిన్యన్ అంటారు. తొమ్మిదిమంది ఉంటే ఎవరి మానాన వారు ప్రార్థించుకోవచ్చు గాని తోరా, అంటే మోషే ఐదు కాండాలు, రాసిన చుట్టను తెరిచి సభగా చదవరు, చనిపోయినవారి కోసం కద్దిష్ అనే ప్రార్థన చెప్పరు. తల్లినో తండ్రినో పోగొట్టుకున్నవారు 11 నెలలపాటు, ఆ పైన ఏటేటా మరణతిథి నాడు ఆ కద్దిష్ చెప్పాలి. దానికి చుట్టూ పదిమంది ఉండి తీరాలి. అందుచేత పదో మనిషి రాలేదంటే అది ఎవరికో ఒకరికి సొంత నష్టమే. శీతకాలపు వాన రోజుల్లో తొమ్మిదిమంది గుమ్మం వైపు చూస్తూ నిలబడి ఉండగా, కుర్రవాడొకడు వీధిలోకి పరుగెత్తి దారినపోయే పెద్దమనిషిని పిలుచుకు రావడం నేను చూశాను. మనుషులను ఒకటి రెండు అని లెక్కించకూడదన్న ఆచారం కూడా ఉంది కాబట్టి, హీబ్రూలో సరిగ్గా పది మాటలున్న 28వ కీర్తన చివరి వచనాన్ని మనిషికొక మాటగా చెప్పుకుంటూ లెక్క చూస్తారు.

ఈ లెక్కలో ఆడవారు లేరు. సంప్రదాయ మందిరాలలో వారు తెర వెనుకో పై వసారాలోనో విడిగా కూర్చుంటారు. సంస్కరణవాద మందిరాలలో స్త్రీలను కూడా లెక్కిస్తారు గాని మామ్మగారిది ఆ బాట కాదు. నాకు ముసుగు వేసుకొని వెనుక కూర్చోవడం మా ఊరి క్రైస్తవ సభలో అలవాటైనదే, అయినా అక్కడ తొమ్మిదిమంది మగవారు పదో మనిషి కోసం ఎదురుచూస్తుండగా తెర ఇవతల పదిహేను ఇరవైమంది ఆడవారు పుస్తకాలు పట్టుకొని ఊరకే కూర్చోవడం మాత్రం నాకు మింగుడుపడలేదు. మామ్మగారితో ఈ మాటంటే ఆమె నవ్వి, మగవాళ్లు లెక్క పెట్టకపోతే రారు, మనం ఎలాగూ వస్తాం కదా అన్నారు. ఆ జవాబు నాకు పూర్తిగా నచ్చలేదు. కాని తెర ఇవతల మరో రకం లెక్క జరుగుతుందన్నది నిజం. ఎవరి మోకాళ్లు నొప్పిగా ఉన్నాయి, ఎవరి కోడలు ప్రసవించింది, ఎవరింటికి ఈ వారం వండి పంపాలి అన్నవన్నీ ప్రార్థన నడుమ గుసగుసలతోనే తేలిపోయేవి.

శనివారం ఉదయపు ఆరాధనలో ముఖ్యమైనది తోరా పఠనం. పెట్టె తలుపులు తీసి, చర్మపత్రం మీద చేతితో రాసిన ఆ చుట్టను సభ మధ్యకు తీసుకువస్తుంటే జనం అంచులు తాకి ముద్దు పెట్టుకుంటారు. ఐదు కాండాలను వారానికొక భాగంగా ఏడాదిలో ముగించి, ముగించిన రోజే మళ్లీ ఆదికాండం మొదలుపెడతారు. భాగం చదివేందుకు షబ్బాత్ నాడు ఏడుగురిని వరుసగా పిలుస్తారు. వారిలో మొదట యాజక వంశీకుడు, తరువాత లేవీయుడు. చుట్టలో అచ్చుల గుర్తులుండవు గనుక చదివేవాడు ఒక్క మాట తప్పు పలికినా సభలోంచి నాలుగు గొంతులు ఒక్కసారిగా సరిదిద్దుతాయి, అతడు వెనక్కి వెళ్లి ఆ మాటను మళ్లీ చదువుతాడు. ఎవరూ నొచ్చుకోరు. కొన్ని మందిరాలలో ఈ పిలుపు గౌరవాన్ని వేలం వేస్తారు, అచ్చం మన వినాయక చవితి లడ్డూ పాటలాగే. అయితే ఆ రోజు రాయకూడదు, డబ్బు ముట్టకూడదు కాబట్టి పాట పాడినవారి పేరు గల చీటీ అంచును మొత్తానికి తగినట్టు మడిచి గుర్తు పెట్టుకొని, సొమ్ము తరువాత వసూలు చేస్తారు. పఠనం జరుగుతున్నప్పుడే రోగుల పేర్లు చెప్పి ప్రార్థిస్తారు. అక్కడ రోగిని తండ్రి పేరుతో గాక తల్లి పేరుతో చెప్పడం ఆనవాయితీ. మామ్మగారికి జబ్బు చేసి ఇల్లు కదలలేని వారాల్లో ఆమె పేరు అక్కడ వినిపించేది, ఆ మధ్యాహ్నానికే ఇద్దరు ముగ్గురు తలుపు తట్టేవారు.

ఆరాధన ముగిశాక కిద్దూష్ ఉంటుంది. ద్రాక్షారసం మీద ఆశీర్వాదం పలికి, బల్లల చుట్టూ నిలబడి తింటూ మాట్లాడుకుంటారు. బెనె ఇజ్రాయెల్‌వారు కొంకణంలో ద్రాక్షారసం దొరకనప్పుడు ఎండుద్రాక్ష నానబెట్టిన షర్బత్‌తో సరిపెట్టుకునేవారు, ఆ రుచి మీద మామ్మగారికి ఇంకా మమకారం. పుట్టినరోజు, పెద్దల మరణతిథి, కొత్త ఉద్యోగం అంటూ ప్రతివారం ఎవరో ఒకరు ఖర్చు భరిస్తారు. ఇది గాక వారికి మాత్రమే ఉన్న మలీదా అనే కృతజ్ఞతార్పణ ఒకటుంది. నానిన అటుకులలో తురిమిన కొబ్బరి, చక్కెర, యాలకులు, ఎండుపళ్లు కలిపి, చుట్టూ తాజా పళ్లు పేర్చి, ఏలీయా ప్రవక్తను కీర్తిస్తూ పాడి పంచుకుంటారు. ఏలీయా కొంకణంలోని ఒక పల్లెలో రాతి మీద గుర్తు విడిచి వెళ్లాడని వారి నమ్మకం. వేరే దేశాల నుంచి వచ్చిన యూదులకు ఈ పళ్లెం చూస్తే వింత, నాకు మాత్రం అటుకులూ కొబ్బరీ చూడగానే ఇంటి మీద బెంగ పుట్టేది.

తెలుగు నేల మీద కూడా ఇటువంటి శనివారం ఒకటి ఉందని తిరిగి వచ్చాక తెలుసుకున్నాను. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకునే చిన్న సమాజం ఉంది. మాదిగ కుటుంబాలకు చెందిన వీరు తాము ప్రాచీన ఇశ్రాయేలీయులలోని ఎఫ్రాయిము గోత్రపు సంతతివారమని చెబుతూ, సొంత మందిరంలో షబ్బాత్ ఆచరిస్తున్నారు. కూలికి వెళ్తేనే పూట గడిచే ఇళ్లలో వారానికొక పని దినం వదులుకోవడం అష్డోద్‌లో ఫ్రిజ్ బల్బు వదులు చేయడం వంటిది కాదు. వారి మూలాల మీద వాదించేవారు ముందు ఆ ఒక్క సంగతైనా గమనిస్తే బాగుండును.

ఇక మా సభ సంగతి. 1836లో ఇంగ్లండు నుంచి బయలుదేరి వచ్చిన బౌడెన్, బీర్ దంపతులతో మొదలైన గోదావరి డెల్టా మిషన్ వారసత్వంలోది అది. మాకు జీతపు పాస్టరు లేరు, సభలోని సహోదరులే లేచి ప్రార్థిస్తారు, వాక్యం చెబుతారు. సమాజమందిరంలో కూడా ప్రార్థన నడపడానికి యాజకుడు అక్కరలేదు గనుక ఆ పద్ధతి నాకు మొదటి రోజే పరిచితంగా తోచింది. తేడా అంతా హాజరు దగ్గరే. మా వైపు ఇంటికొకరు గల్ఫ్‌లోనో హైదరాబాదులోనో ఉన్నారు. పెద్ద మండువా ఇళ్లలో ముసలివారు ఇద్దరో ఒక్కరో మిగిలారు. ఆదివారం వారు ఆటో దొరికితే వస్తారు, దొరకకపోతే రారు, రాలేదన్న సంగతి తరువాతి ఆదివారానికి గాని ఎవరికీ తట్టదు. ఈ మాట సభ పెద్దలలో ఒకరితో అన్నాను. ఆయన చిరునవ్వుతో, ‘మనకు పదిమంది లెక్క లేదమ్మా, ఇద్దరు ముగ్గురు కూడుకున్న చోట ప్రభువు ఉంటాడని వాక్యమే చెబుతోంది కదా’ అన్నారు. ‘ఇబ్బందంతా అక్కడే ఉందండీ, ఇద్దరితో సరిపోతే మూడోవారు రాలేదని ఎవరు చూస్తారు’ అన్నాను. ఆయన అప్పుడేమీ మాట్లాడలేదు. తరువాతి ఆదివారం నుంచి మాత్రం రొట్టె విరిచే ఆరాధన ముగియగానే రాని పెద్దవారి పేర్లు చదివిస్తున్నారు, మధ్యాహ్నం భోజనాలయ్యాక స్కూటర్లున్న కుర్రవాళ్లు ఆ ఇళ్లకు వెళ్లి వస్తున్నారు. ఆడవారి పేర్లు కూడా ఆ పట్టీలో ఉండాలని నేను పట్టుబట్టాను. మొదట రాయించినది ఆ పెద్దాయన తల్లిగారి పేరే.