మొద్దుబారిన గడ్డం

నా దవడలో క్యాన్సర్ ఉందని విన్నవాళ్లలో చాలామంది మొదట అడిగింది ఒకటే: "వక్కపొడి నమిలే అలవాటుందా?" లేదు. అసలు నాది నోటి క్యాన్సరే కాదు. కొన్నేళ్ల క్రితం రొమ్ములో వచ్చి, ఆపరేషన్‌తో, కీమోతో పోయిందనుకున్న జబ్బే కింది దవడ ఎముకలో మళ్లీ తలెత్తింది. నోట్లో కనిపించే క్యాన్సర్లలో ఇలా వేరే అవయవం నుంచి వచ్చేవి దాదాపు ఒక శాతమే. ఆడవాళ్లలో ఎక్కువగా రొమ్ము నుంచి, మగవాళ్లలో ఊపిరితిత్తుల నుంచి వస్తాయి.

మొదట్లో నొప్పి లేదు. కింది పెదవిలో ఎడమ సగం, దాని కింద గడ్డం మొద్దుబారాయి. పన్ను పీకే ముందు ఇచ్చే సూది మత్తు ఎంతకీ వదలనట్టు ఉండేది. మజ్జిగ పెదవి పక్క నుంచి కారినా చీర తడిసేదాకా తెలిసేది కాదు. తర్వాత వెనక దంతం కదిలింది. మొదట చూసిన డాక్టరు చిగుళ్ల జబ్బని తేల్చి పీకేద్దామన్నారు. చెల్లెలు ఒప్పుకోలేదు, ఇంకొకరి దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన నోరు తెరవమనక ముందే, "అమ్మా, ఇంతకుముందు మీకు ఏదైనా పెద్ద జబ్బు చేసిందా?" అన్నారు. ఆ ప్రశ్న ప్రతి పళ్ల డాక్టరూ అడగాలి. అడగకపోతే మనమే చెప్పాలి.

ఆయన పన్ను జోలికి పోకుండా దవడ మొత్తానికి ఎక్స్‌రే తీయించారు. పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరం వెళ్లే దారిలో ఎముక కరిగిపోయి ఉంది. ముక్క తీసి పరీక్షిస్తే పాత రొమ్ము గడ్డ లక్షణాలే బయటపడ్డాయి.

దవడలో ఉన్నా మందు రొమ్ము క్యాన్సర్‌దే: లెట్రోజోల్, రైబోసిక్లిబ్ మాత్రలు. దవడకు కొద్దిరోజులు రేడియేషన్ కూడా ఇచ్చారు. ముఖానికి జాలీ ముసుగు బిగించి కదలకుండా పడుకోబెట్టేవారు. తర్వాత నోరంతా పూసింది. రాగిజావ, చప్పటి పెరుగన్నం తప్ప ఏదీ గొంతు దిగలేదు. ఎముకల కోసం జోలెడ్రోనిక్ ఆమ్లం ఎక్కించే ముందు, కుడివైపున్న పుచ్చుపన్ను తీసేసి పుండు మానేదాకా ఆగారు. ఆ మందు మొదలయ్యాక పన్ను పీకితే దవడ ఎముక మానకుండా కుళ్లే ప్రమాదం ఉంది. అందుకే ఆ మందు పేరు నా ఫైలు మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాయించాను.

స్పర్శ మెల్లగా తిరిగొచ్చింది. ముందు చీమలు పాకినట్టు తిమ్మిరి, తర్వాత సూదులు గుచ్చినట్టు పోట్లు. ఒక పొద్దున కాఫీ వేడి ఎడమ పెదవికీ తగిలింది. చెల్లెలికి ఫోను చేసి ఏడ్చాను. గడ్డం మీద రూపాయి బిళ్లంత మేర ఇప్పటికీ ఏమీ తెలియదు. స్కాన్‌లో మాత్రం దవడలోని జబ్బు బాగా తగ్గింది, కొత్తచోట్లకు పాకలేదు. నయమైందని డాక్టర్లు అనరు, అదుపులో ఉందంటారు. నాకు ఆ మాట చాలు, ఆవకాయన్నం తింటున్నాను.

రైబోసిక్లిబ్ మూడు వారాలు, తర్వాత ఒక వారం విరామం; లెట్రోజోల్ మాత్రం రోజూ. ఈసారి రక్తంలో తెల్లకణాలు తగ్గాయని ఆ విరామం పొడిగించారు. సోమవారం మళ్లీ రక్తపరీక్ష.