చూడి గేదెకు ఆ మేత వద్దు

మా పెద్దమ్మ వాళ్ల చూడి గేదె ఎనిమిదో నెలలో ఈసుకుపోయింది, అంటే నెలలు నిండకుండానే దూడ పడిపోయింది. దూడకి వెంట్రుకలు వచ్చేశాయి, గిట్టలు ఇంకా మెత్తగా, పసుపుపచ్చగా ఉన్నాయి. ఇంకో రెండు నెలలు ఆగితే ఈనేది. చాలా బాధేసింది.

యూరియా గట్టిగా వేసిన నేపియర్ గడ్డి మీదే డాక్టరుగారి అనుమానం. అలాంటి మేతలో నైట్రేట్ పేరుకుంటుంది. పొట్టలో అది నైట్రైట్‌గా మారి రక్తంలో కలిస్తే, రక్తం ఆక్సిజన్ మొయ్యలేదు, చాక్లెట్ రంగుకి తిరుగుతుంది. తల్లి తట్టుకున్నా కడుపులో దూడకి ఊపిరి అందదు. ఈసుకుపోయేది కొన్ని రోజుల తర్వాత కాబట్టి మేత సంగతి ఎవరికీ తట్టదు.

కోనసీమలో పాడి ఉన్నవాళ్లంతా దయచేసి వినండి. యూరియా చల్లిన, పురుగుమందు కొట్టిన చేల గట్ల మీద గడ్డి చూడి పశువుకి వెంటనే కోసి వెయ్యకండి. పచ్చిమేత ఒక్కటే కాకుండా ఎండు వరిగడ్డి కలిపి పెట్టండి.