తిప్పడానికి స్క్రూ లేని బ్రేకు

మా పెదనాన్న మీద నేను గొంతు లేపింది ఇన్నేళ్లలో ఒక్కసారే. అదీ మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు, విజయవాడ ఆటోనగర్‌లో ఆయన షెడ్డులోనే, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాళ్ల ముందు. కారణం ఒక బ్రేక్ ఆయిల్ డబ్బా. ఆయన తిరిగి అరవలేదు. డబ్బా మూత బిగించి పక్కన పెట్టి, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ ఒకటే మాట అడిగారు.

"అయితే అక్కడ నువ్వు చేసేది రిపేరా, మార్పిడా?"

తిరిగొచ్చి రెండు నెలలు దాటింది. స్టుట్‌గార్ట్‌లో చలి తగ్గి, జనం సెల్లార్లలోంచి సైకిళ్లు బయటికి తీసే రోజులివి. వర్క్‌షాపులో స్టాండుకి ఎక్కించిన ప్రతి బండి దగ్గరా ఆ మాట గుర్తొస్తోంది. ఎవరికైనా చెబితే పోతుందేమోనని రాస్తున్నాను.

మా అక్క కొడుకు ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు బావ వాడికి మౌంటెన్ బైక్ కొనిచ్చారు. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, 160 మిల్లీమీటర్ల డిస్కులు. లివర్ నొక్కితే గొట్టంలోని నూనె పిస్టన్లని తోస్తుంది, అవి ప్యాడ్లని చక్రంతో తిరిగే డిస్క్‌కి రెండు వైపులా అదుముతాయి. ఆదివారం తెల్లవారుజామున స్నేహితులతో కలిసి కొండపల్లి అడవి వైపు, మూలపాడు దాకా వెళ్తాడు. ఒకసారి డిక్కీలో పట్టడం లేదని ముందు చక్రం విప్పారట. దారిలో ఎవడో బ్రేక్ లివర్ నొక్కాడు. చక్రం లేకపోతే మధ్యలో డిస్క్ ఉండదు కదా, పిస్టన్లు ముందుకొచ్చేసి ప్యాడ్లు రెండూ ఒకదానికొకటి అతుక్కున్నాయి. దిగాక చక్రం ఎక్కలేదు. స్క్రూడ్రైవర్ దూర్చి ఎడం చేశారు. ఎక్కింది గానీ డిస్క్ ఒక పక్క గీసుకుంటూ తిరిగింది, కీచుమని అరిచింది. ఊళ్లోకొచ్చాక ఒకచోట చెయిన్‌కి కొట్టే ఆయిల్ స్ప్రేని డిస్క్ మీద కొట్టించుకున్నాడు. అరుపు ఆగింది. బండే ఆగడం మానేసింది.

"మామయ్యా, నువ్వు జర్మనీలో చేసేది ఇదేగా, కొంచెం అడ్జస్ట్ చేసి పెట్టవా" అన్నాడు.

ఈ అడ్జస్ట్ అనే మాటతోనే మేమంతా పెరిగాం. బస్సులో ముగ్గురి సీట్లో నాలుగోవాడు కూర్చోవాలన్నా అదే మాట, పెళ్లిలో ముహూర్తం వేళకి పురోహితుడు రాకపోయినా అదే మాట. తీగ బ్రేకుల సైకిల్‌కైతే ఆ మాట అక్షరాలా సరిపోతుంది. బ్రేకు వదులైతే లివర్ దగ్గరున్న చిన్న నట్టుని అరచుట్టు తిప్పేవాళ్లం, ఇంకా వదులైతే ఇంకో అరచుట్టు. హైడ్రాలిక్ బ్రేకుకి అలా తిప్పే నట్టు లేదు. లివర్ మీద కనిపించే స్క్రూ వేలికి అందేలా లివర్‌ని దగ్గరికో దూరానికో జరుపుతుంది, అంతే. ప్యాడ్లు అరిగేకొద్దీ బ్రేకు తనని తానే సర్దుకుంటుంది. పిస్టన్ చుట్టూ నలుచదరపు కోత ఉన్న రబ్బరు రింగు ఒకటి ఉంటుంది. లివర్ నొక్కినప్పుడు ఆ రబ్బరు పిస్టన్‌తో పాటు కాస్త మెలిపడి, వదిలినప్పుడు మళ్లీ తన చోటికొస్తూ పిస్టన్‌ని వెనక్కి లాగుతుంది. ప్యాడ్ అరిగితే పిస్టన్ ఆ రబ్బరులోంచి కొంచెం ముందుకు జారి అక్కడే స్థిరపడుతుంది. మనం చేయగలిగింది తక్కువ. శుభ్రం చేయడం, ప్యాడ్లు, పిస్టన్లు ఉండే కాలిపర్‌ని డిస్క్‌కి నడిమధ్యన నిలపడం, గాలి ఉంటే తీయడం. లేదంటే మార్చేయడం.

ఆ మార్చేయడం దగ్గరే గొడవ.

నేను మాస్టర్స్ చదవడానికొచ్చి, వారానికి 20 గంటల పనిగా ఈ సైకిల్ షాపులో చేరాను. ఇప్పుడు పూర్తి ఉద్యోగం. మా చుట్టాల్లో సగం మందికి ఇది ఇంకా మింగుడు పడలేదు. "జర్మనీ దాకా వెళ్లి సైకిల్ షాపా" అంటారు. ఇక్కడ సైకిల్ మెకానిక్ కావాలంటే మూడున్నరేళ్ల శిక్షణ ఉంటుందని, ఆ పైన పరీక్ష పాసైతేనే మైస్టర్ అంటారని చెప్పినా మా పిన్ని నమ్మదు.

మా మైస్టర్‌ది పెదనాన్న వయసే. మొదటి రోజే తనని పేరు పెట్టి, నువ్వు అని పిలవమన్నాడు. మొదటి మూడు నెలలూ నేను ఆయన్ని అసలు పిలవనే లేదు. అవసరమైతే దగ్గరికెళ్లి నిలబడేవాణ్ణి. ఇప్పుడు అలవాటైపోయింది. ఆ అలవాటే ఆటోనగర్‌లో నా నోరు జారేలా చేసింది.

ఒకసారి ఒక ముసలావిడ ఇలాంటి నూనె పట్టిన బ్రేకే తెచ్చింది. పాపం అనిపించి, ప్యాడ్లని ఎమరీ పేపర్ మీద రుద్ది, చీటీలో సరే అని సంతకం పెట్టేశాను. మైస్టర్ తొక్కి చూసి, బండిని మళ్లీ స్టాండుకి ఎక్కించాడు. స్టుట్‌గార్ట్ గిన్నె అడుగున కట్టినట్టుండే ఊరు, చుట్టూ కొండలు. మరియన్‌ప్లాట్స్ నుంచి డెగర్లోక్ కొండకి పళ్ల పట్టాల రైలు నడుస్తోంది, ఆ లైను 1884 నాటిది. రైలు ముందు భాగాన సైకిళ్ల కోసం విడిగా ఒక బండి తగిలిస్తారు. జనం అందులో పైకెక్కి, సైకిల్ మీద కిందికొస్తారు. "ఆవిడ వానలో ఆ కొండ దిగుతుంటే బ్రేకు పట్టకపోతే, కాగితం మీద ఉన్నది నీ పేరు" అన్నాడు. తిట్టలేదు. కొత్త ప్యాడ్లు నా చేతిలో పెట్టాడు. పాతవి ఇనుప డబ్బాలో పడ్డాయి.

ఆ రోజు నుంచి నేను మారిపోయాను. డిస్క్ మందం కొత్తదైతే 1.8 మిల్లీమీటర్లు, 1.5కి వస్తే మార్చాలి, మందం కొలిచే వెర్నియర్ పెట్టి చూస్తాను. ప్యాడ్ మీద పదార్థం అర మిల్లీమీటరుకి వస్తే మార్చాలి. నూనె తగిలితే మార్చాలి. ఆలోచించే పని లేదు.

కనుమ మర్నాడు సైకిల్‌ని పెదనాన్న షెడ్డుకి తీసుకెళ్లాం. ఆయన నలభై ఏళ్లుగా కార్ల, లారీల బ్రేకులు చూస్తున్నారు. నాకు హైడ్రాలిక్ బ్రేకు తెలిసింది జర్మనీలో కాదు. ఎనిమిదేళ్ల వయసులో అంబాసిడర్ సీటు అంచున కూర్చుని, పెదనాన్న కారు కింద నుంచి "తొక్కు... పట్టుకో" అంటే తొక్కి పట్టుకునేవాణ్ణి. ఆయన గాలి వదిలే మర, అదే నిపుల్, వదులు చేస్తే బుడగలతో నూనె వచ్చేది, పెడల్ నా కాలి కింద మెల్లగా కుంగేది. ఆ కుంగడం ఇప్పటికీ నా పాదానికి గుర్తుంది. స్టుట్‌గార్ట్‌లో మొదటిసారి బ్లీడింగ్, అంటే ఇలా గాలి తీయడం, నేర్పిస్తున్నప్పుడు నాకేమీ తెలియనట్టు మైస్టర్ గంటసేపు వివరించాడు. నేనూ తెలియనట్టే విన్నాను. ఎందుకు చెప్పలేదో ఇప్పటికీ తెలియదు.

ప్యాడ్లు తీసి వాసన చూశాను. పూర్తిగా నూనె. పారేసి కొత్తవి తెప్పించమన్నాను. పెదనాన్న వాటిని నా చేతిలోంచి తీసుకుని, గోటితో మందం చూసి, ఏమీ అనకుండా బల్ల మీద పెట్టుకున్నారు. గవర్నర్‌పేటలో సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడి దగ్గర తెచ్చిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో డిస్క్ తుడిచాను. ప్లాస్టిక్ టైర్ లివర్‌తో పిస్టన్లని పూర్తిగా వెనక్కి నెట్టాను. ఎలా ఉందో చూద్దామని ఆ ప్యాడ్లే మళ్లీ వేసి చక్రం ఎక్కించాను. ఇంతలో పెదనాన్న లివర్ నొక్కారు. అది హ్యాండిల్ దాకా వెళ్లింది.

"గాలి ఉంది" అని, పక్కనున్న కారు బ్రేక్ ఆయిల్ డబ్బా అందుకున్నారు.

అది గాలి కాదు. పిస్టన్లు వెనక్కి నెట్టాక మొదటి నాలుగైదు నొక్కుళ్లు అలాగే ఉంటాయి, తర్వాత గట్టిపడుతుంది. పైగా ఆ బ్రేకులో ఉండేది మినరల్ ఆయిల్. కార్ల బ్రేక్ ఆయిల్ చుక్క పడినా లోపలి రబ్బర్లు పాడవుతాయి. ఇదంతా మర్యాదగా చెప్పొచ్చు. నేను చెయ్యి అడ్డం పెట్టి "ఆపు!" అన్నాను. ఆపండి కాదు, ఆపు. షెడ్డులో గ్రైండర్ కూడా ఆగిపోయినట్టనిపించింది.

అప్పుడే ఆయన ఆ ప్రశ్న అడిగింది.

నా వైపు నుంచి కూడా చెప్పాలి. జర్మనీలో ప్యాడ్ల కంటే నా అరగంట ఖరీదు ఎక్కువ. రుద్ది, కాల్చి, బిగించి చూసే టైముకి రెండు జతలు కొనొచ్చు. ఆటోనగర్‌లో పెదనాన్న అరగంట ఎవరూ లెక్కకట్టరు, సరుకు మాత్రం కొరియర్‌లో రావాలి. అది వాళ్ల గొప్పతనమూ కాదు, ఇది మన తెలివీ కాదు, ధరల తేడా. తిరిగొచ్చేటప్పుడు విమానంలో ఈ వాదన మొత్తం తయారు చేసుకున్నాను, చాలా బాగా వచ్చింది. కానీ ఆటోనగర్‌లో లారీ బ్రేకు లైనర్ అరిగితే దాన్ని మోసే ఇనుప షూని పారేయరు. రివెట్లు కొట్టి పాత లైనర్ ఊడదీసి, అదే షూకి కొత్తది వేస్తారు. సైకిల్ ప్యాడ్‌లో అరిగేది రెండు మిల్లీమీటర్ల పదార్థం. దాని వెనక రేకు కొత్తదానిలాగే ఉంటుంది, అదీ డబ్బాలోకే. వందల రేకులు వేసి ఉంటాను. ఎప్పుడూ చూడలేదు.

ఆ సాయంత్రం పెదనాన్న బ్లో ల్యాంప్‌తో ఆ ప్యాడ్లని కాల్చారు. పొగ వచ్చింది. ఎమరీ మీద ఎనిమిది అంకె ఆకారంలో రుద్దారు. నేను మాట్లాడలేదు. కాలిపర్ బోల్టులు రెండూ వదులు చేసి, లివర్ నొక్కి పట్టుకోమని మేనల్లుడికి చెప్పి, ఇటు కొంచెం అటు కొంచెంగా బిగించాను. స్టుట్‌గార్ట్‌లో అయితే 6 నుంచి 8 న్యూటన్ మీటర్లు, బిగింపు కొలిచే టార్క్ రెంచ్ టక్కుమనాలి. ఇక్కడ చేతి అంచనా. చక్రం తిప్పితే ఇంకా ఒకచోట గీసుకుంటోంది. మళ్లీ వదులు చేశాను, మళ్లీ బిగించాను. మూడోసారి పెదనాన్న వంగి, డిస్క్ వెనక తెల్ల కాగితం పట్టుకుని చూశారు.

"కాలిపర్ కాదురా, డిస్కే వంగింది."

చక్రాన్ని డిక్కీలో పెట్టినప్పుడు వంగి ఉంటుంది. స్క్రూ పానాకి శుభ్రమైన గుడ్డ చుట్టి, రెండుసార్లు మెల్లగా వంచారు. గీసుకోవడం పోయింది. డిస్క్‌ని సరిచేయడం నాకూ వచ్చు, దానికి మా వర్క్‌షాపులో సాధనం కూడా ఉంది. నాకు తోచలేదంతే.

మర్నాడు పొద్దున్నే బందరు కాలువ పక్కన మేనల్లుడు ఇరవైసార్లు వేగంగా తొక్కి ఇరవైసార్లు ఆపాడు. బాగానే పట్టింది. పెదనాన్న నా వైపు చూడలేదు, అదే పెద్ద మాట. రెండో రోజుకి మళ్లీ అరుపు మొదలైంది. ప్యాడ్ లోపలికి ఇంకిన నూనె, వేడెక్కేకొద్దీ పైకి తేలుతుంది. మనవడితో కొత్త ప్యాడ్లు ఆర్డర్ పెట్టించారట. నాకు చెప్పలేదు, అక్క చెప్పింది. నేను గన్నవరంలో విమానం ఎక్కేదాకా మేమిద్దరం గాలిపటాల గురించీ షుగర్ మాత్రల గురించీ మాట్లాడుకున్నాం. క్షమించమని అడగాలనుకున్నాను. ఇంట్లో ఎప్పుడూ అలా అడిగి ఎరగం.

పోయిన శనివారం వీడియో కాల్ వచ్చింది. షెడ్డు. సైకిల్‌ని తాళ్లతో పైనుంచి వేలాడదీశారు. వెనక బ్రేకు లివర్ మెత్తగా పోతోందట.

"నువ్వు ఆ రోజు చెప్పిన నూనె తెప్పించాను" అన్నారు పెదనాన్న. "మన బ్రేకుల్లో ఇంజనాయిల్ పోస్తే రబ్బర్లు ఉబ్బినట్టే, దీంట్లో మనది పోస్తే అంతే కదా?"

"అంతే పెదనాన్నా."

ప్యాడ్లు తీయించి, మధ్యలో ప్లాస్టిక్ బిళ్ల పెట్టించాను. లివర్ దగ్గర గరాటు, కింద కాలిపర్‌కి మందుల షాపు సిరంజి. కింద నుంచి పైకి ఎక్కించాలంటే ఆయనకి తెగ నచ్చింది, గాలి ఎటూ పైకే పోతుందిగా అన్నారు. చివర్లో లివర్ నొక్కి పట్టుకుని, నిపుల్ క్షణంపాటు తెరిచి మూయాలి. మేనల్లుడు లివర్ దగ్గర నిలబడ్డాడు. ఆయన నిపుల్ మీద స్పానర్ పెట్టి ఫోన్‌లోకి చూశారు.

"చెప్పు మరి" అన్నారు.

"నొక్కు" అన్నాను వాడితో. "పట్టుకో... పెదనాన్నా, ఇప్పుడు తెరవండి."

బుడగలు వచ్చాయి.

"చూశావా, ఈసారి నిజంగానే గాలి ఉంది" అన్నారు.